పన్ను తగ్గిస్తే ఆ డబ్బు ఎటు పోతుంది? ఎక్సెల్‌లో చిన్న ఆర్థిక మోడల్ కట్టే పద్ధతి

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల రూపాయల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేశారు. దీనివల్ల ఖజానా వదులుకునే ప్రత్యక్ష పన్నుల రాబడి దాదాపు లక్ష కోట్లని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ ప్రసంగంలోనే చెప్పారు. మరి లక్ష కోట్లు జనం దగ్గర మిగిలితే దేశంలో ఉత్పత్తి కూడా లక్ష కోట్లు పెరుగుతుందా? ఎక్కువా, తక్కువా? ఈ విషయంలో అభిప్రాయాలకు కొదవ లేదు గానీ లెక్క వేసి చూపించేవాళ్లు తక్కువ. ఆ లెక్క మీరే వేసుకోవచ్చు. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ చాలు. గణితం కూడా ఇంటర్ స్థాయి దాటదు. డిగ్రీలో ఎకనామిక్స్ చదివినవాళ్లకు గుణకం (ఒక రూపాయి పెడితే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) గుర్తుండే ఉంటుంది. మనం కట్టేది దాని మీదే. కాకపోతే దేశంలోని ఇళ్లన్నిటినీ ఒకే గాటన కట్టం. అసలు సంగతంతా అక్కడే ఉంది.

1. ముందు ప్రశ్నను కుదించండి

‘భారత ఆర్థిక వ్యవస్థకు మోడల్ కడతాను’ అని కూర్చుంటే అది తెమలదు. ఒక్క ప్రశ్న రాసుకుని షీట్ పైన పెట్టండి: ప్రభుత్వం లక్ష కోట్ల ఆదాయపు పన్ను వదులుకుంటే ఒక ఏడాదిలో వినియోగం ఎంత పెరుగుతుంది, పొదుపు ఎంత పెరుగుతుంది, జీడీపీ ఎంత పెరుగుతుంది? దీనికి సంబంధం లేని వరస ఏదైనా షీట్‌లోకి వస్తుంటే ఆపేయండి. ఎగుమతులు, షేర్ మార్కెట్, రూపాయి విలువ ప్రస్తుతానికి బయటే ఉండాలి.

పోల్చి చూడటానికి రెండో ప్రశ్న ఒకటి పక్కన పెట్టుకోండి. అదే లక్ష కోట్లను ఉపాధి హామీ కూలీ రూపంలో ఇస్తే ఏమవుతుంది? ఇది గాలిలో లెక్క కాదు. 2020-21లో ఈ పథకానికి బడ్జెట్‌లో 61,500 కోట్లు కేటాయించి, కోవిడ్ వల్ల చివరికి లక్షా 11 వేల కోట్ల దాకా ఖర్చు పెట్టారు. అంటే రెండు పరిమాణాలూ ఇంచుమించు ఒకటే. పోలిక బాగా కుదురుతుంది.

2. అంకెలు తెచ్చుకోండి, కానీ ఏ పొదుపో చూసుకోండి

జీడీపీ, వినియోగ వ్యయం కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రిజర్వ్ బ్యాంక్ హ్యాండ్‌బుక్‌లో పాత సంవత్సరాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. ద్రవ్యలోటు కోసం బడ్జెట్ పత్రాలు చూడాలి. మన ప్రశ్నకు పెద్దగా అక్కర్లేదు: 2025-26 బడ్జెట్ అంచనా ప్రకారం జీడీపీ దాదాపు 357 లక్షల కోట్లు, అందులో ఇళ్ల వినియోగం సుమారు 60 శాతం. అన్నీ ‘లక్షల కోట్లు’ అనే ఒకే యూనిట్‌లో రాయండి. ఒక గడిలో కోట్లు, ఇంకో గడిలో లక్షల కోట్లు ఉంటే తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజంతా పడుతుంది.

తిప్పలు పెట్టేది పొదుపు. పేపర్లో ‘ఇళ్ల పొదుపు’ అని వచ్చే అంకె ఒక్కోసారి ఒక్కో అర్థంలో వస్తుంది. 2024 మేలో విడుదలైన జాతీయ లెక్కలు చూడండి. ఇళ్ల నికర ఆర్థిక పొదుపు (అప్పులు తీసేయగా మిగిలేది) 2020-21లో 23.3 లక్షల కోట్లు. 2021-22లో అది 17.1కి, 2022-23లో 14.2కి దిగింది. ఇంతవరకే చదివితే జనం దాచుకోవడం మానేశారనిపిస్తుంది. అదే పట్టికలో స్థూల వరస కూడా చూడండి. బ్యాంకు డిపాజిట్లు, బీమా, పీఎఫ్, షేర్లు వగైరా కలిపిన స్థూల ఆర్థిక పొదుపు 2021-22లో 26.1 లక్షల కోట్లుంటే, మరుసటి ఏడాది 29.7కి పెరిగింది! మారింది అప్పు. అది 9 నుంచి 15.6 లక్షల కోట్లకు ఎగబాకింది. ఆ అప్పులో ఇళ్ల కోసం తీసుకున్న భాగం ఇల్లు రూపంలో భౌతిక పొదుపు వరసలో కనిపిస్తుంది. ఫోన్ కోసమో పెళ్లి కోసమో తీసుకున్నది ఎక్కడా కనిపించదు. కాబట్టి మీ షీట్‌లో ‘పొదుపు’ అని ఊరికే రాయకండి. స్థూలమా, నికరమా, భౌతికం కలిపా, కలపకుండానా? గడి పక్కనే రాసిపెట్టుకోండి.

ఇంకో రెండు చిక్కులున్నాయి. మన జాతీయ లెక్కల్లో ‘ఇళ్లు’ అంటే కేవలం కుటుంబాలు కాదు. కంపెనీగా నమోదు కాని వ్యాపారాలన్నీ అందులోనే ఉంటాయి. కిరాణా కొట్టు, టైలర్ షాపు, రైతు కమతం కూడా. తెలంగాణలో 2018 వానాకాలం నుంచి రైతుబంధు కింద సీజన్‌కు ఎకరానికి మొదట 4,000, తర్వాత 5,000 ఇచ్చారు. ఆ డబ్బుతో రైతు యూరియా బస్తా కొంటే అది వినియోగం కాదు, సాగు ఖర్చు. పిల్లల ఫీజు కడితే వినియోగం. ఒకే ఖాతాలో పడిన ఒకే డబ్బు లెక్కల్లో రెండు వేర్వేరు చోట్లకు పోతుంది. అలాంటి బదిలీలను మోడల్‌లో పెట్టేటప్పుడు మొత్తాన్ని ‘ఇంటి ఖర్చు’ కింద వేసేయకండి.

రెండోది బంగారం. అక్షయ తృతీయకు కొన్న గొలుసు మనకు ఖర్చులాగే అనిపిస్తుంది, అకౌంట్ ఖాళీ అవుతుంది కదా. జాతీయ లెక్కల్లో మాత్రం వెండి బంగారు నగలు పొదుపు పట్టికలో విడిగా ఒక వరస. పైగా బంగారం దాదాపు అంతా దిగుమతే కాబట్టి ఆ డబ్బుతో దేశంలో పుట్టే ఆదాయం తరుగు, మజూరీ వరకే.

3. ఇళ్లను రెండు వర్గాలుగా విడదీయండి

అదనంగా ఒక రూపాయి చేతికొస్తే అందులో ఎన్ని పైసలు ఖర్చవుతాయి? పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉపాంత వినియోగ ప్రవృత్తి అంటారు. మనం ఖర్చు నిష్పత్తి అందాం. మొత్తం దేశానికి ఒకే నిష్పత్తి పెట్టడం పాత పద్ధతి. అలా పెడితే పన్ను రాయితీకీ కూలి డబ్బుకీ తేడా లేకుండా పోతుంది. అప్పుడు ఇక మోడల్ కట్టి ప్రయోజనం లేదు.

మొదటి వర్గం: రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లు. వచ్చింది వచ్చినట్టే ఖర్చవుతుంది. వీళ్ల నిష్పత్తి 0.9 అనుకుందాం. రెండో వర్గం: నాలుగు రాళ్లు వెనకేసుకోగలిగిన ఇళ్లు. వీళ్లకు 0.25. ఈ అంకెలు నేను వేసుకున్న ఊహలు మాత్రమే. మీకు వేరేవి సబబు అనిపిస్తే అవే వేసుకోండి. ఆరో మెట్టులో వీటిని ఎలాగూ కదిలిస్తాం.

ఇక్కడొక జాగ్రత్త. జీతం చూసి వర్గం నిర్ణయించకండి. కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్, లాకర్లో బంగారం, ఊళ్లో అరెకరం ఉండి కూడా ఇరవై ఐదో తారీఖుకు అకౌంట్‌లో ఏమీ మిగలని కుటుంబాలు ఎన్ని లేవు? ఆస్తి ఉంది, చేతిలో డబ్బు లేదు. ఈఎంఐలు పోగా మిగిలిందాంతోనే నెల గడవాలి. ఇలాంటి ఇంటికి నెలకు ఆరువేలు అదనంగా మిగిలితే ఖర్చు పెట్టే తీరు మొదటి వర్గంలాగే ఉంటుంది. కప్లాన్, మోల్, వయోలాంటే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించిన, ఇళ్లన్నీ ఒకేలా ఉండవని ఒప్పుకునే ‘హ్యాంక్’ మోడల్‌కు ఆయువుపట్టు ఈ గమనికే. వర్గాన్ని తేల్చేది ఇంటి మొత్తం ఆస్తి కాదు, వెంటనే తీసి వాడుకోగల డబ్బు ఎంత అన్నది.

ఇప్పుడు లక్ష కోట్లు ఏ వర్గానికి ఎంత పోతాయో చూడాలి. 2025కు ముందే కొత్త విధానంలో 7 లక్షల దాకా పన్ను లేదు. కాబట్టి ఈ రాయితీ 7 లక్షలు దాటినవాళ్లకే. 12 లక్షల ఆదాయం ఉన్నవాళ్లకు ఏడాదికి 80,000 మిగిలింది, 18 లక్షలకు 70,000, 25 లక్షలకు 1,10,000. ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లలో ఒక్కరూ ఈ జాబితాలో ఉండరు. అందుకని పన్ను రాయితీలో మొదటి వర్గం వాటా 0.2 (ఇందులో ఎక్కువమంది ఈఎంఐ బాపతే), రెండో వర్గం వాటా 0.8 అని వేద్దాం. కూలి డబ్బు అయితే దీనికి తలకిందులు: 0.9, 0.1.

4. మొదటి విడత, తర్వాతి విడతలు

షీట్‌లో పైన ఊహలకు ఒక పట్టిక వేసి రంగు పూయండి. కింద ఫార్ములాల్లో ఎక్కడా నేరుగా అంకె టైప్ చేయొద్దు. ప్రతి ఫార్ములా పైనున్న గడినే చూడాలి. దీన్ని పాటించకపోతే ఆరో మెట్టు దగ్గర ఇరుక్కుపోతారు.

మొదటి విడత ఖర్చు = రాయితీ × (మొదటి వర్గం వాటా × 0.9 + రెండో వర్గం వాటా × 0.25). పన్ను రాయితీకి ఇది 0.18 + 0.20 = 0.38 లక్షల కోట్లు. కూలి డబ్బుకు 0.81 + 0.025 = 0.835. అంటే మార్కెట్లోకి అడుగు పెట్టకముందే రెంటికీ మధ్య రెట్టింపు పైగా తేడా వచ్చేసింది.

తర్వాత కన్నాలు లెక్కపెట్టాలి. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయిలో కొంత దిగుమతులకు పోతుంది (పెట్రోలు, ఫోన్లలోని విడిభాగాలు, వంటనూనె). దీన్ని 0.2 అనుకుందాం. మిగిలిన 0.8 దేశంలో ఎవరికో ఆదాయం. ఆ ఆదాయమంతా మళ్లీ ఇళ్లకు చేరదు. జీఎస్టీ, ఇతర పన్నులు, కంపెనీలు పంచకుండా ఉంచుకునే లాభాలు పోగా ఇళ్లకు చేరేది 0.7 అనుకుందాం. అలా చేరినదాంట్లో మొదటి వర్గానికి 40 శాతం, రెండో వర్గానికి 60 శాతం. వీళ్ల సగటు ఖర్చు నిష్పత్తి 0.4 × 0.9 + 0.6 × 0.25 = 0.51.

ఇక కాలమ్‌లు వేయండి: విడత సంఖ్య, ఖర్చు, దిగుమతి, దేశీయ ఆదాయం. ఒక వరసలోని దేశీయ ఆదాయాన్ని 0.7 × 0.51తో గుణిస్తే తర్వాతి వరసలో ఖర్చు వస్తుంది. పన్ను రాయితీకి దేశీయ ఆదాయం మొదటి విడతలో 0.304, రెండో విడతలో 0.087, మూడో విడతలో 0.025, నాలుగో విడతలో 0.007. తర్వాత చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. మొత్తం 0.426.

అంటే లక్ష కోట్లు వదులుకుంటే జీడీపీ పెరిగేది సుమారు 43 వేల కోట్లు. 357 లక్షల కోట్ల జీడీపీలో ఇది 0.12 శాతం. అదే డబ్బు కూలి రూపంలో వెళితే 0.935, అంటే సుమారు 93,500 కోట్లు. ఇచ్చిన మొత్తం ఒకటే, ఫలితం మాత్రం రెట్టింపు దాటింది.

ఈ రెండో అంకె దారి తప్పలేదని ఎలా తెలుసు? ప్రభుత్వ ఆర్థిక విధానాల మీద పరిశోధన చేసే ఎన్ఐపీఎఫ్‌పీ సంస్థలో సుకన్య బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి భారతదేశానికి వేసిన అంచనాల్లో నగదు బదిలీల గుణకం 0.98. మనది 0.94. బొటాబొటిగా కట్టిన షీట్‌కు ఇది మంచి దగ్గరే. వాళ్ల అంచనాల్లో రోడ్లు, రైల్వేల్లాంటి మూలధన వ్యయానికి గుణకం 2.45. మీ షీట్‌లో ప్రభుత్వం నేరుగా లక్ష కోట్ల సరుకు కొన్నట్టు వేసి చూడండి, 1.12 మాత్రమే వస్తుంది. తేడా ఎందుకంటే రోడ్డు పడ్డాక లారీ తొందరగా తిరుగుతుంది, దాని పక్కన గోడౌన్ లేస్తుంది, ప్రైవేటు పెట్టుబడి వస్తుంది. మన షీట్‌కు అవేవీ తెలియవు. డిమాండ్ వైపు మాత్రమే చూసే మోడల్‌తో మూలధన వ్యయం గురించి తీర్పు చెప్పకండి.

5. లెక్క మూసుకుంటోందా చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో మొత్తం పనిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. దేశం మొత్తం మీద ఎవరో ఒకరి మిగులు ఇంకొకరి లోటు అయి తీరాలి. ఇళ్ల పొదుపులో పెరుగుదల, ప్రభుత్వం, కంపెనీల మిగులులో మార్పు, రెండూ కలిపితే విదేశీ వ్యాపారంలో వచ్చిన మార్పుకు సమానం కావాలి.

పన్ను రాయితీకి లెక్క ఇదీ. ఇళ్ల చేతికొచ్చింది 1 + 0.7 × 0.426 = 1.298. ఖర్చు 0.532. పొదుపు 0.766. ప్రభుత్వం లక్ష కోట్లు వదులుకుంది, కంపెనీలతో కలిపి 0.128 వెనక్కి వచ్చింది, కాబట్టి వాళ్ల మార్పు −0.872. రెండూ కలిపితే −0.106. దిగుమతులు పెరిగింది 0.106. సరిపోయింది. ఈ తేడాను చూపే గడి ఒకటి షీట్ పైనే పెట్టండి, ఎప్పుడూ సున్నా ఉండాలి. సున్నా కాకపోతే ఎక్కడో డబ్బు పుట్టుకొస్తోంది లేదా మాయమవుతోంది. ఎంత అందమైన గ్రాఫ్ వేసినా దానికి విలువ ఉండదు.

వదులుకున్న లక్ష కోట్లకు ఇళ్ల పొదుపు పెరుగుదల 76,600 కోట్లు. ఆ పొదుపు ఎఫ్‌డీ కావచ్చు, సిప్ కావచ్చు, హోమ్ లోన్ ముందే కొంత తీర్చడం కావచ్చు. లోన్ అసలు తీర్చినా అది లెక్కల్లో పొదుపే, ఎందుకంటే అప్పు తగ్గుతుంది. ఇంకో చిన్న సంగతి: కొత్త విధానంలో 80సీ మినహాయింపు లేదు. పన్ను కోసం మార్చిలో ఎల్ఐసీ పాలసీ తీసుకునే అలవాటుకు అక్కడ పని లేదు. పొదుపు పరిమాణంతో పాటు రూపం కూడా మారుతుందని దీని అర్థం.

6. ఊహల్ని కదిలించండి

రెండో వర్గం ఖర్చు నిష్పత్తిని 0.25 నుంచి 0.1కి దించండి. పన్ను రాయితీ ఫలితం 0.27కి పడుతుంది. 0.5కి పెంచండి, 0.74 అవుతుంది. అదే కూలి డబ్బు విషయంలో ఆ రెండు చివర్లూ 0.86, 1.09. గమనించారా? ఒక విధానం ఫలితం మన అజ్ఞానం మీద చాలా ఆధారపడి ఉంది, ఇంకోదాని ఫలితం కొంచెమే. విధానాలను పోల్చేటప్పుడు సగటు అంకె కంటే ఈ సంగతి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒకసారికి ఒక్క ఊహనే కదపండి. దిగుమతుల వాటాను, ఇళ్లకు చేరే 0.7ను కూడా ఇలాగే. ఏది కదిపితే ఫలితం ఎక్కువ ఊగుతుందో దాని మీద సమయం పెట్టి మంచి ఆధారం వెతకండి. మిగతావాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడే ఒక పాత వాదన అడ్డొస్తుంది. ఈరోజు అప్పు చేసి పన్ను తగ్గిస్తే రేపు పన్ను పెంచక తప్పదని జనానికి తెలుసు, అందుకే రాయితీనంతా దాచేస్తారని ఆర్థికవేత్త రాబర్ట్ బారో 1974లో రాశారు. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఇంటికి ఇది వర్తించదు. రెండో వర్గానికి కొంత వర్తించవచ్చు. కానీ దానికోసం కొత్త వరస వేయకండి. వాళ్ల నిష్పత్తి 0.25 అన్నప్పుడే ఆ జాగ్రత్త అందులో కలిసిపోయింది. మళ్లీ కోత పెడితే ఒకే కారణాన్ని రెండుసార్లు లెక్కించినట్టు.

7. భయాన్ని ఒక వరసగా పెట్టండి

ఇంతవరకూ కట్టింది నిశ్చలమైన బొమ్మ. మాంద్యాలు, పుంజుకోవడాలు రావాలంటే కాలం కావాలి, భయం కావాలి. కొత్త షీట్ తెరిచి వరసలను త్రైమాసికాలుగా వేయండి.

రెండో వర్గం ఇల్లు ఒకటి తీసుకోండి. నెల ఖర్చు 40,000. మూడు నెలల ఖర్చు, అంటే 1,20,000 చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటారు, అంతే ఉంది కూడా. ఆఫీసులో లే ఆఫ్‌ల మాట మొదలైంది. ఇప్పుడు నాలుగు నెలలది ఉండాలనిపిస్తుంది: 1,60,000. లోటు 40,000. త్రైమాసికానికి లోటులో నాలుగో వంతు పూడుస్తారనుకుందాం. మొదటి త్రైమాసికంలో 10,000 తగ్గించుకుంటారు. 1,20,000 ఖర్చులో ఇది 8.3 శాతం. తర్వాత 7,500, ఆ తర్వాత 5,600 చొప్పున కోత తగ్గుతూ వస్తుంది.

వినియోగంలో మూడో వంతు ఇలాంటి ఇళ్లదైతే దేశం మొత్తం వినియోగం ఆ త్రైమాసికంలో 2.8 శాతం పడుతుంది. జీడీపీలో 60 శాతం వినియోగం కాబట్టి అది జీడీపీలో 1.7 శాతం. దిగుమతుల భాగం తీసేసి, విడతలన్నీ కలిపితే 1.9 శాతం దాకా. ఒక త్రైమాసికపు జీడీపీ దాదాపు 89 లక్షల కోట్లు అనుకుంటే ఇది లక్షా 60 వేల కోట్ల పైమాటే. పన్ను రాయితీ ఏడాది పొడవునా తెచ్చిన 43 వేల కోట్ల పక్కన పెట్టి చూడండి. ఎవరి ఉద్యోగమూ ఇంకా పోలేదు, పోతుందేమోనన్న అనుమానం ఒక్కటే ఇంత పని చేసింది.

కథ ఇక్కడితో ఆగితే కోత దానంతట అదే తగ్గి ఏడాదిన్నరలో సర్దుకుంటుంది. ఆగదు. ఖర్చు తగ్గితే ఇంకొకరి ఆదాయం తగ్గుతుంది, వాళ్లు అనుకున్నంత దాచలేకపోతారు, లోటు పూడదు. అందరూ దాచాలని చూస్తే మొత్తం పొదుపు పెరగకపోవచ్చు అని ఆర్థికవేత్త కీన్స్ 1936లో చెప్పింది మీ షీట్‌లో కళ్లముందే కనిపిస్తుంది. దీన్ని తేవడానికి ఒక్క ఫార్ములా చాలు: ఈ త్రైమాసికపు పొదుపు లక్ష్యం = మామూలు లక్ష్యం + భయం గుణకం × గత త్రైమాసికంలో జీడీపీ పడిన శాతం. గుణకాన్ని చాలా చిన్నగా మొదలుపెట్టి పెంచుతూ పోండి. ఒక స్థాయి దాటగానే గ్రాఫ్ కోలుకోకుండా పాతాళానికి పోతుంది. అసలు దేశాలు అలా పోవు కాబట్టి మీ గుణకం ఆ స్థాయికి కిందే ఉండాలి.

8. ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంక్ చేతులు కట్టుకుని కూర్చోవు

జీడీపీ పడితే పన్నులు తగ్గి లోటు దానంతట అదే పెరుగుతుంది. ఇది ఇళ్లకు చేరే 0.7 పోగా మిగిలిన 0.3 కన్నంలోనే ఉంది. దానిపైన ప్రభుత్వ నియమం ఒకటి రాయాలి. కేంద్రం 2025-26కు ద్రవ్యలోటు లక్ష్యం జీడీపీలో 4.4 శాతంగా పెట్టుకుంది. ఆ లక్ష్యాన్ని తప్పకూడదనుకుంటే పడిపోతున్నప్పుడు ఖర్చు కోయాలి, అది పతనాన్ని ఇంకా పెంచుతుంది. తప్పినా ఫరవాలేదనుకుంటే అప్పు పెరుగుతుంది. 2008-09లో కేంద్రం రెండో దారి పట్టింది. 2007-08లో 2.5 శాతం ఉన్న లోటు మరుసటి ఏడాది 6 శాతానికి చేరింది. రాష్ట్రాలకు ఆ వెసులుబాటు తక్కువ. వాటి అప్పులకు పరిమితి ఉంటుంది, జీతాలు పెన్షన్లు ఆపలేరు, కాబట్టి సాధారణంగా ముందు ఆగేది నిర్మాణ పనుల బిల్లులే. ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో మోడల్ కడుతుంటే ఈ వరస తప్పనిసరి.

రిజర్వ్ బ్యాంక్ వైపు మాట కొస్తే, 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ఉన్న ఇంటికి ఇది ఇంకో పన్ను రాయితీ లాంటిదే. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు కూడా తగ్గాయి. ఆ ఏడాది పండగ సీజన్‌లో కార్లు బాగా అమ్ముడైతే ఘనత ఈ మూడింట్లో దేనిది? అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు. మీ షీట్‌లో మూడింటికీ విడివిడిగా 1 లేదా 0 వేసే స్విచ్ గడులు పెట్టుకోండి. ఒకటి వేసి రెండు ఆపి, తర్వాత మూడూ వేసి చూడండి. మోడల్ వల్ల నిజంగా కలిగే లాభం ఇదే, నిజ జీవితంలో అలా విడదీసి చూడలేం.

9. పాత సంవత్సరం మీద పరీక్షించండి

మోడల్‌కు 2020-21 చూపించండి. మీ షీట్ ఓడిపోతుంది. భయం ఎంత పెంచినా పొదుపు 23.3 లక్షల కోట్ల దాకా లేవదు. కారణం తేలికే: ఆ ఏడాది మొదటి నెలల్లో ఖర్చు పెట్టాలనుకున్నా దుకాణాలు, హోటళ్లు, బస్సులు మూతపడి ఉన్నాయి. అది ఎంచుకున్న పొదుపు కాదు, బలవంతపు పొదుపు. వినియోగానికి ఒక పైకప్పు పెట్టి, దాన్ని దాటితే మిగతాదంతా పొదుపులోకి పోయేలా ఫార్ములా మార్చండి, చాలావరకు సరిపోతుంది. అలా కూడబడిన డబ్బు తర్వాతి రెండేళ్లలో కొంత బయటికి రావడాన్ని కూడా మీ షీట్ చూపించాలి.

అలాగని గతానికి అతికేదాకా గడులు మారుస్తూ కూర్చోకండి. ఊహలు పది ఉండి సంవత్సరాలు పదిహేను ఉంటే దేన్నయినా అతికించవచ్చు. రెండు మూడు ఊహలనే కదపండి, ఒక సంవత్సరాన్ని అసలు ముట్టుకోకుండా చివరి పరీక్షకు దాచుకోండి. జీడీపీ ఆధార సంవత్సరం మారినప్పుడు పాత వరసనూ కొత్త వరసనూ నేరుగా కలిపేయకండి, కలిసిన చోట లేని మలుపు కనిపిస్తుంది.

విధానం మారితే జనం అలవాట్లు కూడా మారతాయని ఆర్థికవేత్త రాబర్ట్ లూకాస్ 1976లో చేసిన విమర్శ ఇలాంటి షీట్లన్నిటికీ తగులుతుంది. పన్ను రాయితీ ఒక్క ఏడాదికే అనుకుంటే జనం దాస్తారు, శాశ్వతం అనుకుంటే అదే జీతం పెరిగినట్టు భావించి కారు లోన్‌కు అప్లై చేస్తారు. 0.25 అనే గడి ఒకటే, అందులో ఉండాల్సిన అంకె మాత్రం రెండు సందర్భాల్లో వేరు. భవిష్యత్తును చూసి నిర్ణయం తీసుకునే కుటుంబాలను సరిగ్గా పెట్టాలంటే ఎక్సెల్ చాలదు. ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద ఉచితంగా నడిచే డైనేర్ అనే ప్రోగ్రామ్ నేర్చుకోవాలి. అక్కడ కూడా ముందు రెండు వర్గాల ఇళ్లతోనే మొదలుపెట్టండి. మీ ఎక్సెల్ ఫలితం, డైనేర్ ఫలితం ఎక్కడ విడిపోతున్నాయో చూస్తే భవిష్యత్తు మీద అంచనా ఎంత పని చేస్తోందో తెలుస్తుంది.

ఎవరికైనా పంపేటప్పుడు ‘జీడీపీ 43 వేల కోట్లు పెరుగుతుంది’ అని రాయకండి. ‘రెండో వర్గం ఖర్చు నిష్పత్తి 0.1 నుంచి 0.5 మధ్య ఉంటే 27 వేల నుంచి 74 వేల కోట్లు. ధరలు, వడ్డీ రేట్లు, ప్రైవేటు పెట్టుబడి మారవని అనుకుంటే’ అని రాయండి. కింద ఊహల పట్టిక, సున్నా చూపే సరిచూపు గడి కలిపి షీట్‌నే జత చేయండి, చదివినవాళ్లు తమ అంకెలు వేసి చూసుకుంటారు.